ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా

డీఎడిక్షన్ సెంటర్లో ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాను. అక్కడ మాకు చాలా ప్రమాదాల గురించి చెప్పారు. పెళ్ళిళ్ళు, చావులు, జీతం వచ్చిన రోజు, పాత స్నేహితులు, ఇంట్లో గొడవ, అప్పులవాడి ఫోను. ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త. అన్నీ నోటుపుస్తకంలో రాయించారు కూడా. ఇంటికొచ్చాక ఆ పుస్తకం తీసి చూసుకుంటే నాకు రోజూ ఎదురవుతున్న ప్రమాదం అందులో లేదు. అది సాయంత్రం ఆరింటికి మొదలయ్యేది. తొమ్మిదింటి దాకా ఉండేది. దానికి పేరు కూడా లేదు. ఆ మూడు గంటల్లో ఏమీ జరగదు, అంతే.

మా ఊరు పామర్రు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే రోడ్డూ, గుడివాడ నుంచి చల్లపల్లి వెళ్ళే రోడ్డూ ఇక్కడ కలుస్తాయి. ఒక బస్సు దిగి, టీ తాగి, ఇంకో బస్సెక్కిన ఊరుగా చాలామందికి గుర్తుంటుంది. నేను ఇక్కడే పుట్టి, చదువుకుని, పురుగుమందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగానికి వెళ్ళిపోయాను. ఇరవై రెండేళ్ళు చేశాను. తెనాలి, రేపల్లె, భీమవరం, ఆకివీడు, కైకలూరు... డెల్టాలో నేను పడుకోని లాడ్జి లేదు. పగలంతా డీలర్లు, రైతులు, చేలగట్లు. ఆరింటికి లాడ్జి గది. ఒక మంచం, గోడకి టీవీ, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. భోజనానికి ఇంకా రెండు మూడు గంటలు ఉంటుంది.

అందరూ అడిగేది ఒకటే, “అసలు ఎందుకు మొదలెట్టావు?” అని. ఏదో పెద్ద దెబ్బ తగిలి ఉంటుందని వాళ్ళ ఆశ. నాకే దెబ్బా తగల్లేదు. నచ్చిన పిల్లనే చేసుకున్నాను. ఉద్యోగం బాగానే ఉండేది. ఆ రెండు మూడు గంటలు గడవక మొదలెట్టాను. మొదట్లో వారానికి రెండు రోజులు డీలర్లతో. తరవాత డీలర్లు లేకపోయినా. తరవాత ఇంటి దగ్గర ఉన్నప్పుడు కూడా. చివర్లో పొద్దున్నే చేతులు వణికితే ఆ వణుకు తగ్గడానికి. ఉద్యోగం పోయింది. పోవడం న్యాయమే. 2024 నవంబరులో మా ఆవిడే ఆటో మాట్లాడి నన్ను సెంటర్లో చేర్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకి వెళ్తాను. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఇంట్లో కూర్చుని “రేపట్నించి బంద్” అనుకుని ఒక్కసారిగా మానేయడం మంచిది కాదు. ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. డాక్టరు చూపులో మానాలి. నాకు మొదటి నాలుగైదు రోజులు సరిగా గుర్తు లేవు. గుర్తున్నంత వరకూ చెమట, వణుకు, గోడ మీద పాకుతున్న పురుగులు. నిజం పురుగులు కావు. ఇరవై రెండేళ్ళు పురుగుమందులు అమ్మినవాడికి అవి కనిపించడం ఏమిటని తరవాత నవ్వుకున్నాను.

సెంటర్ నుంచి వచ్చేశాక మా ఆవిడ అంది: “కొన్నాళ్ళు అత్తయ్య దగ్గర ఉండండి. ఆర్నెల్లు చూద్దాం. పాపకి ఇంటర్ సెకండియర్. ఇంట్లో ఇంకో సీను తట్టుకునే ఓపిక నాకు లేదు.” కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. డిసెంబరు మధ్యలో ఒక బ్యాగుతో పామర్రు బస్సెక్కాను.

*

మొదటి నెల బాగానే గడిచింది. కొత్త. చుట్టాలు వచ్చి చూసి వెళ్ళారు. సంక్రాంతి వచ్చింది. మా ఆవిడా, పాపా మూడు రోజులు ఉండి వెళ్ళారు. ఆ తరవాతే మొదలైంది.

డెల్టాలో ఆ రోజులు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. సార్వా వరి కోసేశారు. మాగాణుల్లో మినుము వేశారు. పూర్వం కోతకి ముందే పైరులో మినుములు చల్లేవాళ్ళు. ఇప్పుడు మిషను కోత వచ్చాక చాలామంది కోసిన తరవాత వేస్తున్నారు. వేశాక అది పెరగాలి. పల్లాకు తెగులు రాకుండా చూసుకోవాలి, ఒకటి రెండు మందులు కొట్టాలి. అంతకుమించి రైతుకి పనుండదు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు ఊళ్ళో మనిషి దొరకడు. ఆ ఫిబ్రవరిలో ఏ అరుగు మీద చూసినా మనుషులే. వాళ్ళ దగ్గర కూర్చుంటే ఆరున్నరకి ఒకడు లేస్తాడు, “పదండ్రా” అంటాడు. ఎక్కడికో ఎవరూ అడగరు.

ఇంట్లో ఉంటే టీవీ. అమ్మ సీరియల్ చూస్తుంది. ఫోను చూస్తే అరగంటకే కళ్ళు లాగుతాయి. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతాను. లాడ్జి గదుల్లో గ్లాసు పక్కన పెట్టుకుని ఎన్నో పుస్తకాలు చదివాను, తీరా చూస్తే గ్లాసు లేకుండా చదవడం నాకు రాదు. పాటలు వింటే తాగాలనిపించేది. దేనికైనా సరే పక్కన అది ఉండాలి. అది లేకపోతే అన్నీ ఉప్పు లేని కూరలే.

ఇది ఎందుకు జరుగుతుందో సెంటర్లో డాక్టరుగారు చెప్పారు. అప్పుడు అర్థం కాలేదు, నా వృత్తి భాషలోకి మార్చుకున్నాక అర్థమైంది. చేలో పురుగు పడింది. మందు కొట్టాం. చచ్చింది. మళ్ళీ పడింది, మళ్ళీ కొట్టాం. అదే మందు పదే పదే కొడుతుంటే పురుగు దానికి అలవాటు పడుతుంది. మోతాదు పెంచాలి. ఈలోగా ఆ పురుగుని తిని బతికే సాలీళ్ళు, అక్షింతల పురుగులు చచ్చిపోతాయి. వాటిని మేం మిత్రపురుగులు అంటాం. చివరికి మందు మానేసినా చేను వెంటనే బాగుపడదు. మిత్రపురుగులు తిరిగి రావాలి. దానికి టైం పడుతుంది. మెదడూ అంతేట. ఏళ్ళ తరబడి అంత గట్టి సుఖం రోజూ అందుతుంటే, చిన్న సుఖాలని పట్టుకునే శక్తి మొద్దుబారిపోతుంది. మందు ఆపిన మర్నాడే అది తిరిగి రాదు. వారాలు, నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో కాఫీ కాఫీలా ఉండదు, చల్లగాలి గాలిలా ఉండదు. మిత్రపురుగులు లేని చేను.

నేను రైతులకి ఈ మాట చెప్పేవాణ్ణి కాదు. కంపెనీ చెప్పనిచ్చేది కాదు. ఇంకో మందు అమ్మేవాణ్ణి.

*

2025 ఫిబ్రవరి మొదటి వారం. మానేసి 81వ రోజు. గురువారం. అమ్మ బాబా గుడికి భజనకి వెళ్ళింది. ఆ రోజు ఏమీ జరగలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఏ ఫోనూ రాలేదు. ఒంట్లో బాగానే ఉంది. ఆకాశం ఎర్రగా ఉంది, పిట్టలు గూళ్ళకి పోతున్నాయి. టీ తాగుదామని సెంటరుకి బయల్దేరాను. టీ తాగాను. ఇంకా ఆరున్నరే అయింది. ఇంటికి వెళ్తే ఆరూ నలభై అవుతుంది. తరవాత? ఆ ‘తరవాత’ దగ్గర నిలబడి నా కాళ్ళు వాటంతట అవే వైన్ షాపు వైపు తిరిగాయి.

అంతకుముందు అక్టోబరు 16 నుంచి రాష్ట్రంలో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి. క్వార్టర్ 99 రూపాయలకి దొరుకుతోంది. జేబులో వంద కాగితం ఉంది. రూపాయి చిల్లర కూడా తీసుకున్నాను. ఆ రూపాయి ఇప్పటికీ నా దగ్గరుంది. కాలవగట్టు మీద కూర్చుని నీళ్ళ సీసాలో కలుపుకుని తాగేశాను. సంతోషం వేయలేదు. ఏడుపు రాలేదు. టైం చూసుకున్నాను. ఏడుంపావు.

అమ్మకి తెలిసిపోయింది. అన్నం పెట్టింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“బాధేసి తాగావంటే పోనీలే అనుకుందును. ఏ బాధా లేకుండా ఎందుకు తాగావురా?”

ఏం చెప్పాలి. “తోచక” అన్నాను.

అమ్మ కాసేపు నా వైపు చూసింది. “తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట. ఆవిడ నయం. కనీసం చుట్టాలింటికి వెళ్ళింది.”

ఇద్దరం నవ్వాం. తరవాత అమ్మ ఏడ్చింది.

*

ఆ ‘తోచక’ అనే మాట నన్ను వదల్లేదు. మన భాషలో విసుగుకి ఎన్ని మాటలున్నాయో చూడండి. తోచదు, పొద్దుపోదు, ఊసుపోదు. ఇప్పుడు బోరు కొడుతుంది. “నాకేం తోచడం లేదు” అంటే ఏమీ స్ఫురించడం లేదని ఒక అర్థం, విసుగ్గా ఉందని ఇంకో అర్థం. రెండూ ఒకటేనని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. చేయడానికి పని లేకపోవడం కాదు అసలు ఇబ్బంది. పనులు ఎదురుగా ఉన్నా ఏదీ ‘నన్ను చెయ్యి’ అని పిలవకపోవడం. అలాంటప్పుడు పిలిచేది ఒక్కటే ఉంటే కాలు అటే పోతుంది.

కాలక్షేపం అనే మాట కూడా అంతే. క్షేపం అంటే విసిరేయడం. హరికథని కూడా కాలక్షేపం అనే అన్నారు. పల్లెటూళ్ళలో రాత్రిని ఎలాగోలా అవతలికి విసిరేయాలని అందరికీ తెలుసు. అందుకే కాబోలు మాకు పక్కనే ఉన్న కూచిపూడివాళ్ళు తెల్లవార్లూ భాగవతాలు ఆడారు. భజనలు, తోలుబొమ్మలాటలు, నాటకాలు అన్నీ చీకటి పడ్డాకే. పగలు విసిరేయాల్సిన పని లేదు. పగటిని పొలం తినేస్తుంది.

ఇది నా ఒక్కడి బలహీనతేమో అనుకునేవాణ్ణి. తరవాత ఒక ప్రయోగం గురించి చదివాను. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళూ చేశారు. 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. మనిషిని ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. ఫోను లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది. నొక్కితే కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు రుచి వాళ్ళకి ముందే చూపించారు. డబ్బులిచ్చయినా సరే దాన్ని తప్పించుకుంటామని చెప్పినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు ఆ పదిహేను నిమిషాల్లో మీట నొక్కుకున్నారు. వాళ్ళెవరూ తాగుబోతులని కాదు. మామూలు మనుషులు. ఇది చదివాక నా మీద నాకు కొంచెం జాలి వేసింది. కొంచెమే. వాళ్ళు పదిహేను నిమిషాల గదిలో నొక్కారు. నేను ఇరవై రెండేళ్ళు నొక్కాను.

*

తాగిన మర్నాడు ఇంకో ప్రమాదం ఉంటుంది. “ఎలాగూ చెడింది కదా” అనిపించడం. 81 రోజులు కట్టిన గోడ పడిపోయింది, ఇంక ఇటుక ఎందుకు అని. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు జీవితమంతా ఈ విషయం మీదే పనిచేశాడు. ఒక్కసారి జారడం వేరు, మళ్ళీ పాత బతుకులో పడిపోవడం వేరు అని ఆయన అంటాడు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది ఎక్కువగా ఆ సిగ్గే. నా విషయంలో ఆ సిగ్గుని అమ్మ సామెత సగం తీసేసింది. మిగతా సగం నేను మా ఆవిడకి ఫోను చేసి చెప్పడంతో పోయింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “ఆర్నెల్లూ మళ్ళీ మొదటినించి లెక్కపెడతాను” అంది. “సరే” అన్నాను. ఫోను పెట్టేయలేదు కదా అనుకున్నాను.

ఆ ఆదివారం విజయవాడలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్ళాను. సెంటర్లో ఉండగా చెప్పారు గానీ అప్పుడు వెళ్ళలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీల గది, స్టీలు డ్రమ్ములో టీ. ఎవరి పేరూ ఎవరూ బయట చెప్పరు కాబట్టి నేనూ చెప్పను. అక్కడ ఒక పెద్దాయన ఆ సంఘం ఎలా పుట్టిందో చెప్పాడు.

1935 మే. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి. మానేసి ఐదు నెలలయింది. పని మీద ఓహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే ఊరికి వచ్చాడు. పని చెడింది. వారాంతం. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. జేబులో పెద్దగా డబ్బు లేదు. మేఫ్లవర్ హోటల్ లాబీలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక చివర బారు, లోపల నవ్వులు. ఇంకో చివర టెలిఫోను, పక్కన ఊళ్ళో చర్చీల జాబితా. ఆయన ఫోను దగ్గరికి నడిచాడు. నాకు ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని ఉంది అని ఎవరికో ఫోను చేశాడు. అలా తిరిగి తిరిగి ఆ ఊరి సర్జను బాబ్ స్మిత్ దగ్గరికి చేరాడు. కాసేపు కూర్చుందామనుకున్నవాళ్ళు గంటల తరబడి మాట్లాడుకున్నారు. జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగాడు. ఆ రోజునే సంఘం పుట్టినరోజు అంటారు.

ఆ కథ విని అందరూ దేవుడి గురించి ఆలోచిస్తారు. నేను లాబీ గురించి ఆలోచించాను. ఆ లాబీ నాకు తెలుసు. ఆకివీడులో తెలుసు, రేపల్లెలో తెలుసు. శనివారం సాయంత్రం తెలియని ఊళ్ళో చేతిలో పని లేకుండా నిలబడడం ఎలా ఉంటుందో తెలుసు. ప్రపంచమంతా పాకిన ఆ సంఘం పుట్టింది తోచని ఒక సాయంత్రం నుంచి. అక్కడ ఫోను లేకపోతే ఏమయ్యేదో.

*

ఆ వేసవిలో నేను సైకిలు కొన్నాను. సెకండ్ హ్యాండ్. ఆరింటికి ఎక్కి నిమ్మకూరు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. చల్లపల్లి రోడ్డు మీద, దగ్గరే. అది ఎన్టీ రామారావు పుట్టిన ఊరు. ఆయన విగ్రహం దగ్గర సైకిలాపి నీళ్ళు తాగేవాణ్ణి. నేను పదిహేనేళ్ళవాణ్ణి అప్పుడు, 1995 జనవరిలో ఆయన ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. ఆ ఏడాది ఊళ్ళో సాయంత్రాలు ఎలా ఉండేవని అమ్మని అడిగాను.

“ఎలా ఉంటాయి. మాకు పండగ. మగాళ్ళకే పిచ్చెక్కినట్టుండేది. పేకాటలు మొదలెట్టారు. కొందరు యానాం వెళ్ళి తాగొచ్చేవాళ్ళు. మీ నాన్న సన్నజాజి పందిరి వేశారు.”

సన్నజాజి పందిరి నాకు గుర్తుంది. అది ఎందుకు వేశారో ఆ రోజు తెలిసింది. 1997లో నిషేధం సడలించారు. పందిరి ఎప్పుడు పోయిందో అమ్మకి గుర్తు లేదు.

ఆ నిషేధం ఊరికే రాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధించారు. తరవాతే సంపూర్ణ నిషేధం. ఈ కథ చాలామందికి తెలుసు. దాని మొదట్లో ఉన్నది రాత్రిబడి అన్నది నాకు మాత్రం కొత్తగా తట్టింది. అక్షరాస్యతా ఉద్యమంలో కూలిపని నుంచి వచ్చిన ఆడవాళ్ళు చీకటి పడ్డాక పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం కథ ఒకటి ఉంది. అది చదివి మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని లేచారు. అదే ఊరు, అవే గంటలు. మగవాళ్ళకి సారా కొట్టు, ఆడవాళ్ళకి రాత్రిబడి. పొద్దంతా కూలి చేసి, వంట చేసి, అలసిపోయిన ఆ ఆడవాళ్ళకి సాయంత్రం గడవకపోవడం అనే సమస్య ఉందా? ఉండే తీరిక ఎక్కడిది? మా అమ్మకి ఆ సమస్య ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నేను లాడ్జిలో తోచక తాగుతున్న ఆ ఇరవై రెండేళ్ళూ అదే ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి, వండి, పాపని చదివించి, నా ఫోను కోసం చూసేది. నాకు ఎక్కువైన మూడు గంటలు ఆవిడకి ఎప్పుడూ చాలలేదు. ఈ ముక్క నేను సైకిలు మీద ఉండగా తట్టింది. ఆ రోజు నిమ్మకూరు దాకా వెళ్ళలేకపోయాను. మధ్యలో దిగి నడిపించుకుంటూ వచ్చాను.

ఇంకో సంగతి. మద్యనిషేధం పెట్టినాయనదే కాదు, ‘దేవదాసు’ తీసినవాళ్ళదీ ఈ చుట్టుపక్కలే. 1953 సినిమా. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. అక్కినేనిది గుడివాడ దగ్గర రామాపురం. ఘంటసాలది అదే గుడివాడ పక్కన చౌటపల్లి. తెలుగువాళ్ళకి తాగుబోతు అంటే ఎలా ఉండాలో నేర్పిన ముగ్గురూ మా కాలవల నీళ్ళు తాగినవాళ్ళే. దేవదాసుకి పార్వతి ఉంది. తాగడానికి కారణం ఉంది. అందుకే మనకి ఆయనంటే అంత ఇష్టం. పార్వతి లేకుండా ఊరికే ఆరున్నరకి టీ కొట్టు దగ్గర నిలబడ్డ దేవదాసుని ఎవరూ సినిమా తీయరు. ఆ సన్నివేశాలకి అక్కినేని రాత్రిపూట పెరుగన్నం తిని, ఆ మత్తు కళ్ళతో నటించారని చెబుతారు. నాకు ఈ కథ భలే పనికొచ్చింది. ఆకలి వేసినప్పుడు తాగాలన్న కోరిక ఎక్కువ లాగుతుంది. సెంటర్లో రాయించిన జాగ్రత్తల్లో అదొకటి. అందుకని ఆరింటికే ఒక గిన్నెడు పెరుగన్నం తినేస్తున్నాను. అమ్మ దానికి ‘దేవదాసు పూజ’ అని పేరు పెట్టింది.

*

ఏం చేస్తే గడిచింది అని అడిగితే చెప్పగలిగింది పెద్దగా లేదు. పెరుగన్నం, సైకిలు, ఆదివారం మీటింగు. ఒక ఎరువుల కొట్లో పొద్దున పూట లెక్కలు రాసే పని దొరికింది. సాయంత్రం పని ఇస్తామన్నారు, వద్దన్నాను. విచిత్రంగా ఉంటుంది గానీ ఆ మూడు గంటలని పనితో పూడ్చేస్తే పని లేని మొదటి సాయంత్రమే మళ్ళీ పడతానని భయం. వాటిని ఖాళీగానే దాటడం నేర్చుకోవాలనిపించింది.

మార్లట్ దీనికి ఒక ఉపాయం చెప్పాడు. కోరిక అల లాంటిది, దాంతో కుస్తీ పట్టకు, అది లేస్తుంది, విరుగుతుంది, నువ్వు దాని మీద తేలుతూ ఉండు అని. మాకు బందరు సముద్రం దగ్గరే గానీ అల మీద తేలడం నాకు రాదు. నాకు కాలవ తెలుసు. జూన్‌లో కాలవ వదిలినప్పుడు మొదటి నీళ్ళు చెత్తా చెదారం నెట్టుకుంటూ వస్తాయి. గట్టు మీద కూర్చుంటే ముందు కంపలు, తరవాత నురగ, తరవాత బురద నీళ్ళు, ఆ తరవాత మామూలు నీళ్ళు. దిగి ఆపేదేమీ ఉండదు. అలాగే కూర్చున్నాను. ఆరున్నరకి లేచిన విసుగు ఏడింటికి ఇంకా ఉండేది గానీ దానికి గోళ్ళు ఉండేవి కావు. అన్ని రోజులూ అలా జరగలేదు. కొన్ని రోజులు మీటింగు పెద్దాయనకి ఫోను చేశాను. ఒకరోజు తలుపు గడియ పెట్టి తాళంచెవి అమ్మకిచ్చాను.

మార్చిలో మినుము ఇంటికొచ్చింది. అమ్మా నేనూ సాయంత్రాలు వాకిట్లో కూర్చుని బాగుచేశాం. ఆవిడ చేటతో చెరుగుతుంది, నేను రాళ్ళు ఏరతాను. ఇంత విసుగు పని ఇంకోటి లేదు. రాయీ మినపగింజా ఒకే రంగులో ఉంటాయి. మొదటి రోజు పది నిమిషాలకే లేచిపోయాను. వారం తరవాత ఒకరోజు అమ్మ, “తొమ్మిదయింది, లే” అంది. నేను టైం చూసుకోలేదు. అంతకుముందు ఎన్నేళ్ళ నుంచి రోజూ సాయంత్రం టైం చూసుకుంటున్నానో! ఆ రాత్రి మినపగింజలు కళ్ళముందు కదులుతుంటే నిద్రపోయాను. మొదటి మిత్రపురుగు తిరిగొచ్చిందని అనుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎగిరిపోతుందేమో అని.

*

రెండోసారి మొదలుపెట్టిన లెక్క ఏడాది దాటింది. ఆర్నెల్లు అన్న మా ఆవిడ ఆర్నెల్లు అయ్యాక ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. దసరాకి వచ్చి నాలుగు రోజులుంది. వెళ్ళేటప్పుడు తన పాత స్వెటరు ఇక్కడే మర్చిపోయింది. మర్చిపోయిందో, పెట్టి వెళ్ళిందో తెలియదు.

ఇప్పుడు మళ్ళీ ఫిబ్రవరి. మినుము పూతలో ఉంది. అరుగుల మీద మనుషులు ఉన్నారు. పాప ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న ఏడింటికి ఫోను చేసింది.

“ఏం చేస్తున్నావు నాన్నా?”

“ఏం లేదమ్మా. ఖాళీగా కూర్చున్నా.”

అటు నిశ్శబ్దం. ‘ఖాళీ’ అనే మాటకి మా ఇంట్లో ఎంత భయపడతారో నాకు తెలుసు. సర్దుకుని ఏదో పని పేరు చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

“బోరు కొడుతోందా?” అంది, జాగ్రత్తగా.

“కొడుతోంది” అన్నాను.

కాసేపు ఆలోచించినట్టుంది. “నాకు కూడా నాన్నా. రేపు ల్యాబ్ రికార్డు ఇవ్వాలి, ఒక్క ముక్క రాయబుద్ధి కావట్లేదు.”

తరవాత ఇద్దరికీ మాట్లాడ్డానికి ఏమీ లేదు. అయినా తను ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. తన వైపు ఫ్యాను చప్పుడు, నా వైపు అమ్మ సీరియల్. అలా ఎంతసేపు ఉన్నామో చూసుకోలేదు.